జిలానీ గారి ఆఖరి ట్రయల్

జిలానీ గారికి ఒకే ఒక్క జబ్బు. ఏ పనైనా సరే, ముందు ఉత్తుత్తిగా ఒకసారి చేసి చూసుకుంటే తప్ప అసలు పనికి చెయ్యి పెట్టేవారు కాదు. దానికి ఆయన పెట్టిన పేరు ట్రయల్. చోడవరం బస్టాండు వెనక గౌరీ ఖండసారి మిల్లు వారి చెరకు ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనిషి ఆయన. కంప్యూటర్ల పని కదా, ఆమాత్రం జాగ్రత్త ఉండొద్దా అంటారేమో. కంప్యూటర్లతో ఆగిపోతే ఎవరికి బాధ? ఆయన గొడుక్కి కూడా ట్రయల్ చేసేవారు.

మే నెల. రోడ్డు మీద తారు కరుగుతోంది. జిలానీ గారు ఆఫీసు వాకిట్లో కొత్త గొడుగు విప్పుకుని నిటారుగా నిలబడ్డారు. అటెండరు పైడితల్లి స్టూలెక్కి, బకెట్టెత్తి, ఆయన నెత్తిన నీళ్ళు కుమ్మరించాడు. దారినపోయే వాళ్ళంతా పనులు మానుకుని చూశారు. గొడుగు చుక్క కారలేదు గానీ, నీళ్ళన్నీ పక్కకి జారి మేనేజరు ఉమామహేష్ గారి స్కూటరు మీద పడ్డాయి. ఆయన లోపల్నించి పరిగెత్తుకొచ్చారు.

"ఏంటండీ జిలానీ గారూ ఇది!"

"వాన సార్. వచ్చేనెల వస్తాది కదా. ఇది ట్రయలు."

"మరి నా స్కూటరేం చేసింది మీకు?"

"దానికీ ట్రయల్ అయిపోయింది సార్. సీటు లోపలికి నీళ్ళు దిగిపోతన్నాయి. వానలు పడకముందే మార్పించీండి."

ఉమామహేష్ గారు పళ్ళు నూరుకుంటూనే సీటు మార్పించుకున్నారు.

జిలానీ గారికి విశాఖపట్నంలో కంటి డాక్టరుతో అపాయింట్‌మెంటు ఉంటే, ముందురోజే అదే బస్సెక్కి, అదే కిటికీ పక్కన కూర్చుని, ఆస్పత్రి గేటు దాకా వెళ్ళారు. కాంపౌండరు కాగితం చూసి "మీది రేపు కదండీ, ఈరోజెందుకొచ్చేరు?" అన్నాడు. "రేపు రావడానికి" అన్నారు జిలానీ గారు. కాంపౌండరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చేసేదేమీ లేక ఆయనకి మంచినీళ్ళిచ్చి పంపించాడు.

రంజాన్‌కి చుట్టాలొస్తారని మాడుగుల హల్వా కొనాలనుకున్న ఏడాది సంగతి మరీ ఘోరం. రుచి ఎలా ఉందో చూద్దామని ముందు ట్రయల్ హల్వా కొన్నారు. బాగానే ఉంది. నిన్న బాగున్నది ఈరోజు బాగుంటుందని నమ్మకమేమిటని మరోసారి కొన్నారు. "భాయ్, అసలు హల్వా ఎప్పుడు కొంటారు?" అని కొట్టువాడు విసుక్కునే దాకా వచ్చింది. పండగ నాటికి ఇంట్లో హల్వా అనే మాట వింటేనే అందరికీ వెగటు పుట్టి, చుట్టాలకి మిక్చరు పెట్టి పంపారు.

వీటన్నిటినీ తలదన్నేది ఆయన పెళ్ళి ట్రయల్. ఆఫీసులోకి కొత్తగా ఎవరొచ్చినా పైడితల్లి ముందు కుర్చీ చూపించేవాడు, తరవాత ఈ కథ చెప్పేవాడు.

"నిఖాకి ట్రయల్ సేసేడమ్మా ఈ మారాజు! కాజీ గారు కోప్పడిపోయేరంట. నిఖాలో ఉత్తుత్తి ఏటయ్యా, ఖుబూల్ అన్నావంటే పెళ్ళి అయిపోయినట్టే అన్నారంట. అయితే ఆ మాటొద్దులెండి, దాని బదులు గోంగూర అంటాం అన్నాడంట ఈయన! బాబాయిని కాజీ గారి సోట్లో కూకోబెట్టేరు. పిల్లని ఒప్పుకుంటన్నావా అంటే ఈయన గోంగూర. పక్కగదిలో ఆయమ్మని అడిగితే ఆయమ్మా గోంగూరే. అనకాపల్లి అనకాపల్లంతా పొట్ట సెక్కలైపోయింది."

"ఎందుకలా చేసేరు సార్?" అని అడిగితే జిలానీ గారు దాచుకునేవారు కాదు. "నాకు భయమేసిందండీ" అనేవారు. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని ఇంకేం ఏడిపిస్తాం?

ఈ కథ విని పడీపడీ నవ్విన వాళ్ళలో ఝాన్సీ ఒకత్తి. చీడికాడ ఊరి పిల్ల. తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. కంప్యూటరులో రైతుల పేర్లూ పొలాలూ ఎక్కించే టెంపరరీ ఉద్యోగం ఆమెది. చురుకైన పిల్లే. నేర్పింది మళ్ళీ చెప్పించుకునేది కాదు. ఆమెకున్న కష్టమల్లా రెండు చేతులు. మామూలుగా బంగారంలా పనిచేసే ఆ చేతులు, "ఇది అసలుది" అని ఎవరైనా అంటే చాలు, గడగడా వణికిపోయేవి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో అందరికన్నా వేగంగా కొట్టిన పిల్ల, పరీక్షలో వేళ్ళన్నీ ఒక మీట పక్కకి జరిగిపోయి, పేజీ నిండా ఏ దేశానిదీ కాని భాష కొట్టి వచ్చింది.

ఈ ఆఫీసు ఇంటర్వ్యూలోనూ అంతే. పేరేమిటని ఉమామహేష్ గారు అడిగేసరికి చెయ్యి తగిలి ఆయన టీ గ్లాసు ఒళ్ళోకి ఒలికింది. ఆయన మండిపడబోతుంటే జిలానీ గారు అడ్డుపడ్డారు. "పర్లేదు సార్, ఇది ట్రయల్ ఇంటర్వ్యూ. అసలుది రేపు. ఏమ్మా, రేపు వచ్చీ." ట్రయల్ ఇంటర్వ్యూ ఎక్కడిదని ఉమామహేష్ గారు తెల్లబోయేలోగా ఝాన్సీ బయటపడింది. మర్నాడు గది తెలిసిందే, మనుషులు తెలిసినవాళ్ళే, టీ గ్లాసు ఎలాగూ దూరంగా పెట్టేశారు. ఉద్యోగం వచ్చింది. జిలానీ గారి పిచ్చి తనకి భలే కలిసొచ్చిందనుకుని ఆ పిల్ల సంబరపడింది.

ఇదంతా ఒక ఎత్తు, తొంభై తొమ్మిదో సంవత్సరం చివర వచ్చిపడిన గండం ఒక ఎత్తు.

చెరకు ఆఫీసంటే మరేం లేదు. ఏ రైతు ఏ తేదీన చెరకు కొట్టి మిల్లుకి తోలాలో కాగితం మీద రాసి ఇవ్వాలి. దాన్ని కటింగ్ ఆర్డరు అంటారు. అది లేనిదే గేటు దగ్గర బండి ఆపేస్తారు. ఆలస్యమైతే తోటలోనే చెరకు ఎండి తేలికైపోతుంది. ఆ వివరాలన్నీ బల్లకింద ఉన్న సర్వరు అనే కంప్యూటరులో, డేటాబేసులో ఉన్నాయి. ఆ డేటాబేసు ముసలిది. సంవత్సరానికి రెండంకెలే రాసుకుంటుంది. జనవరికి ఆర్డర్లు తీద్దామని మీట నొక్కితే, రావికమతం రైతు సత్యారావు చేతికి 1900 జనవరిలో చెరకు కొట్టమని కాగితం వచ్చింది.

సత్యారావు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "బాబూ, అప్పటికి మా తాత పుట్నేదు. ఎవల్ని పంపమంటారు?"

డేటాబేసు కొత్త వెర్షనుకి మార్చాలి, తప్పదు. ఆ సర్వరులో నడిచేది లినక్సు అనే ఉచిత సాఫ్టువేరు. కంప్యూటరు పత్రిక కొంటే దాంతో పాటు వచ్చిన సీడీలోది. కొత్త డేటాబేసు కూడా అలాంటి సీడీలోనే వచ్చింది. ఉమామహేష్ గారికి ఆ సీడీ అంటే మొదట్నించీ అనుమానమే.

"పుస్తకంతో ఊరికే ఇచ్చిందా? దాని మీద ఇంతమంది రైతుల్ని పెడతారా?"

"అందుకే కదా సార్ ట్రయలు" అన్నారు జిలానీ గారు, ఇన్నాళ్ళకి మేనేజరు తన దారికొచ్చినట్టు మొహం వెలిగిపోతూ.

అక్కడ మేనేజరు అసలు పిడుగు వేశారు. సీజను మొదలవగానే జిలానీ గారిని మిల్లు దగ్గరకి బదిలీ చేస్తున్నారు. చోడవరం ఆఫీసులో సర్వరు చూసుకోడానికి మనిషి కావాలి. "ఝాన్సీ, ఈ అప్‌గ్రేడు నీ చేతులమీదుగా జరగాలి. సోమవారం పొద్దున్న పక్కన కూర్చుని చూస్తాను. చేస్తే నీ ఉద్యోగం పర్మనెంటు. వణికితే, సారీ అమ్మా, వైజాగ్ నించి వేరే మనిషిని తెచ్చుకుంటాను. ఇద్దరికి ఇక్కడ చోటు లేదు."

ఆ మాట వింటూండగానే ఝాన్సీ చేతుల్లో కాగితాలు టపటపలాడాయి. తల్లి కూలి మానెయ్యాలంటే ఆమె దగ్గరున్న దారి ఇదొక్కటే. అదీ ఈ చేతుల మీదే ఆధారపడాలా అని ఆ పిల్లకి ఏడుపొచ్చింది.

"ఏటమ్మా, ఏడుస్తన్నావా?" అన్నారు జిలానీ గారు. "సోమవారం దాకా ఏడవడానికి టైము లేదు. రా, ట్రయల్ ఉంది."

బల్లకింద సర్వరు పక్కనే ఒక పాత కంప్యూటరుంది. మానిటరూ కీబోర్డూ మాత్రం రెండిటికీ కలిపి ఒకటే. ప్రతిసారీ జిలానీ గారు బల్లకిందకి దూరి, వైర్లు పీకి, పాతదానికి తగిలించి, తలకి బల్ల కొట్టుకుని బయటికొచ్చేవారు. పాతదానికి పేరు కూడా సర్వరు పేరే పెట్టారు. "ట్రయల్ అంటే అచ్చం అసలులా ఉండాలి. లేపోతే అది ట్రయల్ ఎందుకవుద్ది?" అనేవారు నెత్తి రుద్దుకుంటూ.

"అప్‌గ్రేడు అంటే ఏటి బాబూ?" అనడిగాడు పైడితల్లి.

"ఇల్లు మారడం. సామానంతా ఒక మూటలో కట్టుకోవాలి. పాత ఇంటికి తాళం వెయ్యాలి. కూల్చకూడదు, తాళం వెయ్యాలంతే! కొత్త ఇంట్లోకెళ్ళి మూట విప్పాలి. ఆనక ఏ చెంబు పోయిందో ఎంచుకోవాలి."

మొదటి ట్రయల్లోనే చెంబులు పోయాయి. మూట విప్పేసరికి కొంతమంది రైతులు లేరు. సత్యారావు లేడు. తెర మీద వరసగా ఎర్రర్లు. ఝాన్సీ ఒక్కొక్కటీ చదువుతూ పాలిపోయింది. తోట ఎప్పుడు వేశారో తేదీ రాయాల్సిన చోట ఆ రైతులు నోటితో ఏం చెబితే అదే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేసింది. సత్యారావు గడిలో ‘నూకాలమ్మ పండగ మర్నాడు’ అని ఉంది. ఇంకొకాయన గడిలో ‘మా గేదె ఈనిన వారం.’ పాత డేటాబేసు మంచిది, ఏం రాసినా పెట్టుకుంది. కొత్తదానికి తేదీ అంటే తేదీయే. నూకాలమ్మ ఎవరో దానికి తెలీదు.

"నాదే తప్పు సార్. మేనేజరు గారికి తెలిస్తే సోమవారం దాకా కూడా ఉంచరు."

"ట్రయల్లో దొరికింది తప్పెలా అవుద్దమ్మా? దొరికిందంటే మంచిదే కదా! పైడితల్లీ, మీ ఇంట్లో పాత పంచాంగాలున్నాయా?"

ఆ మధ్యాహ్నం ఆఫీసుకి వచ్చిన వాళ్ళకి జిలానీ గారు ముక్కు చివర కళ్ళజోడు పెట్టుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని, పంచాంగం తిరగేస్తూ కనిపించారు. ఆయన పండగలు పడిన అమావాస్యలు చదువుతుంటే ఝాన్సీ తేదీలు కొడుతోంది. గేదె సంగతి మాత్రం పంచాంగంలో లేదు. పైడితల్లి సైకిలేసుకుని ఆ ఊరెళ్ళి, దూడ వయసు కనుక్కుని వచ్చాడు.

తన పేరు పోయిందని ఎలాగో సత్యారావు చెవిన పడింది. అప్పట్నించి ఆయన బజారుకి ఏ పనిమీద వచ్చినా కౌంటరు దగ్గర తల పెట్టి అడిగేవాడు.

"అమ్మా, నానున్నానా?"

"ఉన్నారు బాబూ."

"అదే సాలు" అని వెళ్ళిపోయేవాడు.

ఇక కరెంటు కోతల ట్రయలు. మూట సగం విప్పాక జిలానీ గారు కన్నుకొట్టేవారు, పైడితల్లి వెళ్ళి ఫ్యూజు పీకేవాడు. ఆఫీసంతా చీకటి, యూపీయస్ కుయ్యో మొర్రోమని అరుపు. దాని బ్యాటరీ అయిపోయేలోగా పైడితల్లి పెరట్లో జనరేటరు తాడు లాగాలి. మొదటిసారి ఝాన్సీ కెవ్వుమంది. రెండోసారి కళ్ళు మూసుకుని చిన్నతనంలో నేర్చుకున్న దండకం చదివింది. ఆ తరవాత తరవాత, చీకట్లోంచే తాపీగా "పైడితల్లి బాబూ, తాడు లాగేసి వస్తా వస్తా టీ సెప్పు" అనేది.

అన్నీ బాగానే ఉన్నాయి. కానీ "సోమవారం" అనే మాట ఎవరి నోట వచ్చినా చేతులు మళ్ళీ మొదలు. శుక్రవారం సాయంత్రం ఆమె వేళ్ళు కీబోర్డు మీద నిలవకపోవడం జిలానీ గారు చూశారు.

శనివారం పొద్దున్న ఆమె వచ్చేసరికి ఆయన బల్లకిందనించి బయటికొస్తున్నారు, నెత్తి రుద్దుకుంటూ. పక్కన కుర్చీలో ఉమామహేష్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాఫీ కప్పూ సాసరూ పట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. ఝాన్సీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"కంగారు పడకు. ఇది ఆఖరి ట్రయలు" అన్నారు జిలానీ గారు. "సోమవారం మేనేజరు గారు పక్కన కూకోవాలి కదా. దానికి ట్రయల్ లేదు మనకి. అందుకని సార్ ఇవాళ కూకోడం ట్రయల్ చేస్తన్నారు."

కూర్చోడానికి కూడా ట్రయలా! ఝాన్సీకి నవ్వు ఆగలేదు. మేనేజరు గారంతటి మనిషిని కూడా ఈయన తన పిచ్చిలో దింపేశాడు కదా అనుకుంటూ నవ్వుకుంటూనే కుర్చీ లాక్కుని పని మొదలుపెట్టింది. మూట కట్టింది. మూట సరిగ్గా ఉందో లేదో చూసింది. పాత డేటాబేసు ఆపి, దాన్ని పక్కకి జరిపి తాళం వేసింది. పక్కన టకటకా చప్పుడైతే తిరిగి చూసింది. ఉమామహేష్ గారి కప్పు సాసరు మీద కొట్టుకుంటోంది. నుదుటి మీద చెమట.

"సార్ ట్రయల్‌కే ఎంత బాగా భయపడుతున్నారో" అంది ఝాన్సీ మెచ్చుకోలుగా. "సోమవారానికి బాగా అలవాటైపోతది."

ఉమామహేష్ గారు నోరు తెరిచి, జిలానీ గారి వంక చూసి, మూసుకున్నారు.

కొత్త డేటాబేసు లేచింది. మూట విప్పడం మొదలైంది. వరసలు వరసలుగా పేర్లు తెర మీద పైకి పోతున్నాయి. అంతలో టప్పుమని కరెంటు పోయింది. యూపీయస్ అరుపు అందుకుంది.

ఉమామహేష్ గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. కాఫీ ఇస్త్రీ చొక్కా మీదకొచ్చింది. "అయిపోయింది! అంతా అయిపోయింది! జిలానీ గారూ!"

"కూకోండి సార్, ఏటి అవనేదు" అంది ఝాన్సీ తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇది జిలానీ సార్ పెట్టే కోతే. మాకు రోజూ ఉన్నదే. సార్, మీరే కదా ఫ్యూజు పీకించారు?"

"ఆఁ, నేనే, నేనే" అన్నారు జిలానీ గారు. గొంతు కాస్త తేడాగా ఉంది. మరుక్షణం ఆ పెద్దమనిషి పంచె ఎగ్గట్టిన వాడిలా పెరట్లోకి పరుగెత్తడం, "లాగవయ్యా పైడితల్లీ! యా అల్లా, గట్టిగా లాగు!" అని కేకలెయ్యడం వినిపించింది. జనరేటరు దగ్గి, ఆగి, మళ్ళీ దగ్గింది. ఈసారి ట్రయల్ మరీ బాగా చేస్తున్నారనుకుంది ఝాన్సీ. "పైడితల్లి బాబూ, టీ" అని కేకేసి, వేళ్ళు విరుచుకుంటూ కూర్చుంది. యూపీయస్ గొంతు సన్నబడుతుండగా జనరేటరు అందుకుంది. పేర్లు ఆగకుండా పైకి పోతూనే ఉన్నాయి.

మూట విప్పడం అయింది. చెంబులు ఎంచింది. ఒక్కటీ పోలేదు. నూకాలమ్మ పండగా గేదె దూడా తేదీలై బుద్ధిగా కూర్చున్నాయి. కౌంటరులోంచి అప్పుడే ఒక తల లోపలికొచ్చింది.

"అమ్మా, నానున్నానా?"

"ఉండండి బాబూ, మీ కాగితమే తీస్తాను" అంది ఝాన్సీ ఉత్సాహంగా. ప్రింటరు గర్రుమంది. జనవరి, 2000. సత్యారావు చెయ్యి చాపి ప్రింటరులోంచి కాగితం చింపుకుని, తేదీ చూసుకుని, "అమ్మయ్య, ఈసారి నాకే ఇచ్చేరు" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అది ట్రయల్ కాగితం బాబూ, ఇటిచ్చీండి" అంది ఝాన్సీ.

"ఉండనీమ్మా" అన్నారు జిలానీ గారు గుమ్మంలో నిలబడి, మోచేతుల దాకా జనరేటరు మసి పూసుకుని.

ఝాన్సీ ప్రింటరు వైపు చూసింది. ట్రయల్‌కి ఎప్పుడూ పాత కాగితాల వెనకవైపే వాడనిచ్చేవారు ఆయన. మిల్లు ముద్ర ఉన్న పచ్చ కాగితం ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు. ప్రింటరులో ఉన్నది పచ్చ కాగితం. సత్యారావు జేబులోంచి తొంగి చూస్తున్నదీ పచ్చ కాగితమే. ఆ పిల్ల బల్లకిందకి వంగి చూసింది. వైర్లు సర్వరుకి ఉన్నాయి.

"సార్! ఇది..."

"అసలుదే."

"మరి కరెంటు?"

"అదీ అసలుదే."

అంతే. అంతసేపూ రాయిలా ఉన్న చేతులు అప్పుడు మొదలుపెట్టాయి వణకడం. పైడితల్లి అప్పుడే తెచ్చిన టీ గ్లాసు ఆమె చేతిలో గిలగిల్లాడింది. పని అయిపోయాక వణుకుతావేమిటమ్మా అని ఉమామహేష్ గారు కాఫీ చొక్కా దులుపుకుంటూ అడిగారు గానీ, ఆయన చేతులూ అంత నిలకడగా లేవు. శనివారమే అసలుదని, పిల్లకి చెప్పొద్దని, తేడా వస్తే నెపమంతా తన మీద వేసుకుంటానని జిలానీ గారు ముందురోజు సాయంత్రమే ఆయనకి చెప్పారట. ఆ రాత్రి ఆయనకి నిద్ర లేదట.

మధ్యాహ్నం బస్సుకి అనకాపల్లి నించి జిలానీ గారి భార్య షంషున్నీసా పెద్ద క్యారేజీ పట్టుకుని దిగింది. చెయ్యి కడుక్కోడానికి ఆయన పెరట్లోకి వెళ్ళగానే ఆవిడ ఝాన్సీ పక్కన కూర్చుంది.

"నిన్నూ ఇలాగే చేసేరా ఈయన?" అంది నవ్వుతూ.

"నిన్నూ అంటే?"

"నాకు చిన్నప్పట్నుంచి నత్తి అమ్మా. ఇంట్లో బాగానే మాట్లాడతాను. కొత్తోళ్ళు నలుగురుంటే నోరు పెగల్దు. నిఖా రోజు పెళ్ళిపెద్దగా వకీలూ, సాక్షులూ వచ్చి అడుగుతారు కదా, ఖుబూల్ అని మూడుసార్లు చెప్పాలి కదా, అందరూ నవ్వుతారని నెలరోజులు అన్నం మానేసేను. మా తమ్ముడి ద్వారా ఈయనకి తెలిసింది. నాకు భయంగా ఉంది, ట్రయల్ కావాలి అని కబురు పంపించేరు. ఆయనకి భయమంట అని ఊరంతా నవ్వేరు. నావైపు ఎవళూ చూడనేదు. అసలు నిఖా రోజు వకీలు గారు అడిగేసరికి నాకు గోంగూర గుర్తొచ్చి నవ్వొచ్చేసింది. నవ్వుతా ఉంటే నత్తి ఎలా వస్తాది? మూడుసార్లూ గడగడా చెప్పేసేను."

ఝాన్సీకి ట్రయల్ ఇంటర్వ్యూ గుర్తొచ్చింది. తమ మీద పడాల్సిన నవ్వులన్నీ ఈ మనిషి గొడుగు లేకుండానే నెత్తిన పోయించుకున్నాడని తెలిసి ఆమెకి కళ్ళు నిండాయి.

"అయితే ఆ గొడుగూ, కంటి డాక్టరు దగ్గరకి ముందురోజే వెళ్ళడం, అవి ఎవరి కోసమండీ?"

షంషున్నీసా ఆలోచించింది. "అవా? అవి ఎవరి కోసమూ కాదమ్మా. అది నిజంగా జబ్బే. ఆ హల్వా సంగతి మాత్రం నా దగ్గర ఎత్తకు."

అప్పుడొచ్చారు ఉమామహేష్ గారు, చేతిలో టైపు చేసిన కాగితంతో. పైడితల్లి వెనకే వచ్చాడు. జిలానీ గారు తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకి ఆనుకున్నారు.

"ఝాన్సీ, ఇదిగో నీ పర్మనెంటు ఆర్డరు. ముందే చెబుతున్నాను, ఇది ట్రయల్ కాదు. అసలుది. ఈ ఆఫీసులో సర్వరు బాధ్యత ఒప్పుకుంటున్నావా?"

అసలుది అన్నారు కదా, ఇంకేం! ఝాన్సీ చేతులు మొదలు. అవునన్న చిన్న మాట కూడా పైకి రాలేదు. ఆమె మేనేజరు వంక చూసింది, కాగితం వంక చూసింది, ఆఖరికి గోడకి ఆనుకున్న మనిషి వంక చూసింది. ఆయన ఊరికే కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. షంషున్నీసా మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాంతో ఝాన్సీకి పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"గోంగూర సార్" అంది. చెయ్యి చాపి కాగితం అందుకుంది. చెయ్యి వణకలేదు.

"ఏంటీ?" అన్నారు ఉమామహేష్ గారు.

"ఒప్పుకుంది సార్, రాసుకోండి" అన్నారు జిలానీ గారు. "మూడుసార్లు అక్కర్లేదు, ఇది ఉద్యోగమే కదా."